గాలి మొదలయ్యాక ఆలోచన సాగదు: తుఫానుకు ముందే ఇంట్లో, వీధిలో తేల్చుకోవాల్సినవి

మా బీరువా తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంటుంది. పైన ప్లాస్టిక్ కవరు తొడిగి, నాలుగు అంచులకూ వెడల్పాటి టేపు వేశాను. పెన్సిల్‌తో రాశాను, తడిసినా పెన్సిల్ రాత కారిపోదు కాబట్టి. అన్నిటికన్నా పైన పెద్ద అక్షరాల్లో ఉన్న మాట ఇది: "వీధి చివర కల్వర్టు మీదికి నీళ్ళొస్తే అమ్మను వెంటనే పైకి చేర్చాలి. ఎవర్నీ అడగక్కర్లేదు."

ఆ కాగితం లేని రోజుల్లో ఒక రాత్రి గడిపాం. రెండు రోజులుగా హెచ్చరికలు వస్తూనే ఉన్నాయి. ఇంట్లో టార్చి ఉంది, నీళ్ళు పట్టి పెట్టాను, మందులు ఉన్నాయి. సాయంత్రం నుంచి వాన ఆగకుండా పడుతోంది. తమ్ముడు ఫోన్ చేసి "అక్కా, ఇప్పుడే బయల్దేరండి" అంటాడు. అమ్మ "తెల్లారనీ, చూద్దాం" అంటుంది. నేను ఇద్దరి మాటా వింటూ పుస్తకాలు, బట్టలు మంచం మీదికి ఎక్కిస్తున్నాను. పదకొండుకి నీళ్ళు గుమ్మం దాకా వచ్చాయి. పన్నెండుకి మోకాలి లోతు. కరెంటు పోయింది. అప్పటికి అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళు పనిచేయవు. "నన్నిట్లా మంచం మీదే ఉండనిచ్చి మీరు పైకి వెళ్ళండమ్మా" అంది.

ఎదురింటి పిల్లలిద్దరు ఒక ప్లాస్టిక్ కుర్చీ పట్టుకొచ్చారు. అమ్మను కూర్చోబెట్టి, చీరతో నడుం దగ్గర కుర్చీ వీపుకు కట్టాం. పెద్దవాడు వెనకనుంచి వీపుభాగం పట్టుకున్నాడు. చిన్నవాడు ముందు కాళ్ళు రెండూ పట్టుకున్నాడు. కుర్చీని కాస్త వెనక్కి వాల్చి, పెద్దవాడు వెనక్కి నడుస్తూ ముందు మెట్లెక్కాడు, కింద ఉన్నవాడు ఎత్తి తోస్తూ వచ్చాడు. పద్నాలుగు మెట్లకు మూడుసార్లు ఆగారు. నేను టార్చి పట్టుకుని పక్కన నడిచాను. పైకి చేరాక గుర్తొచ్చింది, ఇన్సులిన్ కింద ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది. పొద్దున చూస్తే ఫ్రిజ్ వెల్లకిలా తేలుతోంది. రెండు రోజులు ఇన్సులిన్ లేకుండా గడిచి, మూడో రోజు అమ్మను ఆసుపత్రిలో చేర్పించాల్సి వచ్చింది. కోలుకుంది, కానీ ఆ మూడు రోజుల టెన్షన్ నాకిప్పటికీ మరుపుకు రాదు.

ఆ రాత్రి మా ఇంట్లో సామాన్లకు కొదవ లేదు. ఎప్పుడు కదలాలి, ఎవరు ఎవర్ని పట్టుకోవాలి, చేతిలో ఏం ఉండాలి అన్నవి ముందే తేల్చుకోలేదు. అందుకే తుఫానుకు సిద్ధపడటం గురించి ఎవరైనా అడిగితే నేను సంచి దగ్గర మొదలుపెట్టను. ఎండ కాస్తున్న రోజున తీసుకోవాల్సిన నిర్ణయాల దగ్గర మొదలుపెడతాను.

ముందు ప్రాణం తీసేది ఏదో తెలుసుకోండి

తుఫాను అనగానే అందరికీ గాలి గుర్తొస్తుంది. ఎక్కువమంది ప్రాణాలు తీసేది మాత్రం నీళ్ళు. తీరాన ఉంటే ఉప్పెన, లోపల ఉంటే కుండపోత వాన, వరద. 1970 నవంబరులో ఇప్పటి బంగ్లాదేశ్ తీరాన్ని తాకిన భోలా తుఫానులో మూడు లక్షల నుంచి ఐదు లక్షల మంది చనిపోయారని అంచనా. అందులో అత్యధికులు ఉప్పెనకు బలైనవాళ్ళే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది కూడా ఉప్పెనే. గాలికి సముద్రం ఒక గోడలా లేచి, నిమిషాల మీద ఊళ్ళలోకి వచ్చేస్తుంది. దాన్ని చూశాక పరిగెత్తడానికి వ్యవధి దొరకదు.

తీరానికి దూరంగా ఉన్నాం కదా అనుకోవడం కూడా పొరపాటే. తుఫానుకు బలం వెచ్చటి సముద్రం నుంచి వస్తుంది, నేల మీదికొచ్చాక గాలి వేగం తగ్గుతూ పోతుంది. వాన తగ్గదు. వందల కిలోమీటర్లు లోపలికి వెళ్ళాక కూడా రెండు రోజులు కురిసి వాగుల్ని పొంగించగలదు.

కాబట్టి మొదటి పని: మీ ఇల్లు ఏ నీటికి ఎదురుగా ఉందో తెలుసుకోవడం. పాత తరం వాళ్ళను అడగండి, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద చేత్తో చూపిస్తారు. వీధిలో ముందు మునిగేది ఏ మలుపో, వాన ఆగాక చివరగా నీళ్ళు తీసేది ఎక్కడో గమనించండి. ఉప్పెన వచ్చే ప్రాంతమైతే పైఅంతస్తు చాలదు, ఊరు వదలాలి. వాన నీరు నిలిచే చోటైతే గట్టి కట్టడంలో పైఅంతస్తు పనికొస్తుంది. ఈ రెంటికీ జవాబు ఒకటి కాదు. మీది ఏదో కాగితం మీద ఉండాలి.

కదలాల్సిన గుర్తు ఒకటి పెట్టుకోండి

"పరిస్థితి మరీ పాడైతే వెళ్దాం" అన్నది నిర్ణయం కాదు. పాడైందని ఒప్పుకోవడానికి ఎవరి మనసూ సిద్ధంగా ఉండదు, అందులోనూ రాత్రి పూట. కంటికి కనిపించే గుర్తు ఒకటి కావాలి. మాకది కల్వర్టు. మీకు వాగు వంతెన మీద ఒక గీత కావచ్చు, అధికారుల నుంచి వచ్చే ఖాళీ చేయమనే ప్రకటన కావచ్చు. నడవలేనివాళ్ళు, పసిపిల్లలు, నిండు గర్భిణులు ఉన్న ఇంటికి ఆ గుర్తు అందరికన్నా ముందు రావాలి. వీళ్ళు చీకటి పడకముందే బయల్దేరాలి. వెలుతురులో ఇరవై నిమిషాలు పట్టే దారి చీకట్లో, నీళ్ళలో రెండు గంటలు పడుతుంది, లేదా అసలు దొరకదు.

హెచ్చరిక మ్యాపుల గురించి ఒక మాట చెప్పాలి, చాలామంది ఇక్కడే తప్పుగా అర్థం చేసుకుంటారు. తుఫాను దారిని చూపిస్తూ ముందుకు వెడల్పయ్యే గరాటు లాంటి బొమ్మ వేస్తారు. తుఫాను కేంద్రం ఆ గరాటులో ఎక్కడో ఒకచోట వెళ్ళే అవకాశం ఎక్కువ అని మాత్రమే దానర్థం. గాలి, వాన, ఉప్పెన ఆ గీతల బయట కూడా చాలా దూరం వ్యాపిస్తాయి. గరాటు అంచుకు అవతల ఉన్నామని నిశ్చింతగా పడుకోకండి. ఇంకొకటి, "తీరం దాటే సమయం" అని చెప్పేది కేంద్రం దాటే సమయం. గాలివాన దానికి చాలా గంటల ముందే మొదలైపోతుంది. పనులన్నీ ఆ సమయానికి కాదు, దానికి ఒక పగలు ముందే ముగియాలి.

వాట్సాప్‌లో తిరిగే గొంతు రికార్డింగుల్ని నమ్మకండి, పంపకండి. వాతావరణ శాఖ బులెటిన్, స్థానిక అధికారుల ప్రకటన, ఈ రెండూ చాలు. వాతావరణ శాఖ బులెటిన్ నంబరు, సమయం చూసుకోండి. పొద్దుటి బులెటిన్ సాయంత్రానికి పాతబడుతుంది.

ఇంట్లో ఏముండాలి

సంచి గురించి అందరికీ తెలిసిందే, అందుకే త్వరగా చెప్పేస్తాను. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్ళు, కనీసం మూడు రోజులకు. తాగడానికి, కొంచెం శుభ్రానికి కలిపి ఈ లెక్క. వారానికి సరిపడా ఉంచుకోగలిగితే ఇంకా మంచిది. వండకుండా తినగలిగే తిండి. టార్చి, దానికి మరో జత బ్యాటరీలు. బ్యాటరీతో నడిచే చిన్న రేడియో, ఫోన్లన్నీ మూగబోయాక అదొక్కటే మాట్లాడుతుంది. పవర్ బ్యాంకు. ప్రథమ చికిత్స పెట్టె, విజిల్, తాడు, మందపాటి చెప్పులు లేదా బూట్లు. చిల్లర నోట్లు, ఎందుకంటే కరెంటు లేకపోతే కార్డూ ఫోనూ రెండూ పనిచేయవు. కొవ్వొత్తుల బదులు టార్చి వాడండి. గాలికి కొవ్వొత్తి పడితే మంట అంటుకుంటుంది, అలాంటి రాత్రి ఆర్పడానికి ఎవరూ రాలేరు.

కాగితాల విషయంలో ఆలస్యం చేయకండి. గుర్తింపు కార్డులు, ఇంటి పత్రాలు, బ్యాంకు పుస్తకం, బీమా కాగితాలు, డాక్టరు రాసిన చీటీలు అన్నిటికీ ఫోటోలు తీసి వేరే ఊళ్ళో ఉన్న ఒక బంధువుకు పంపి ఉంచండి. అసలువి నీళ్ళు దూరని కవరులో పెట్టి సంచిలో పెట్టండి. ఇంటి గదుల్ని, సామాన్లను కూడా ఫోన్‌తో తీసి ఉంచితే నష్టపరిహారం అడిగేటప్పుడు వాదనలకు తావుండదు.

ఇక మందులు. దీని దగ్గర కాస్త ఆగుతాను. రోజూ వేసుకునే మందు ఏదైనా సరే, కనీసం వారానికి సరిపడా ఎప్పుడూ చేతిలో ఉండాలి. చివరి మాత్ర అయ్యేదాకా ఆగి కొనే అలవాటు ఉంటే మానుకోండి. ప్రతి మందు పేరు, ఎంత మోతాదు, ఏ వేళకు అన్నది ఒక కార్డు మీద రాసి సంచిలో వేయండి. శిబిరంలో కొత్త డాక్టరు చూసినప్పుడు "ఆ తెల్ల మాత్ర" అంటే ఏం ప్రయోజనం?

ఇన్సులిన్ వాడేవాళ్ళ ఇంట్లో వాళ్ళకు: వాడుతున్న సీసా లేదా పెన్ను సాధారణంగా నాలుగు వారాల దాకా మామూలు గది వేడిలో ఉంచొచ్చు, పెట్టె మీద రాసి ఉంటుంది, చూసి నిర్ధారించుకోండి. కరెంటు పోయింది కదా అని ఐసు ముక్కల మీద నేరుగా పెట్టకండి. గడ్డకడితే ఇన్సులిన్ పాడైనట్టే, మళ్ళీ కరిగినా పనికిరాదు. ఎండ తగలని చోట, తడిబట్ట చుట్టిన మట్టి కుండలో, నీళ్ళు తగలకుండా ఒక డబ్బాలో పెట్టి ఉంచితే చాలా వరకు చల్లగా ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు అంత చల్లబడదు, అయినా కిటికీ పక్కన పెట్టడం కన్నా ఎంతో నయం. హెచ్చరిక రాగానే మా ఇంట్లో మొదట ఫ్రిజ్‌లోంచి బయటికొచ్చేది ఆ డబ్బా. అది అమ్మ నడుముకు కట్టే చిన్న సంచిలోకి వెళ్తుంది, అమ్మ ఎక్కడికి వెళ్తే అక్కడికి.

ఆక్సిజన్ యంత్రం, నెబ్యులైజర్ లాంటివి కరెంటు మీదే నడుస్తాయి. వాటి మీద ఆధారపడినవాళ్ళు తుఫాను వచ్చేదాకా ఇంట్లో ఉండకూడదు. జనరేటర్ ఉన్న ఆసుపత్రికో, సురక్షితమైన బంధువుల ఇంటికో ముందు రోజే వెళ్ళిపోవాలి. యంత్రం సరఫరా చేసినవాళ్ళను "కరెంటు పోతే ఏం చేయాలి?" అని ఇవాళే అడగండి.

గాలికి ఇల్లు

రేకుల కప్పు అయితే నిచ్చెన వేసి చూడాల్సింది అంచులూ మూలలూ. గాలి కప్పును నొక్కి కూల్చదు, కింద దూరి, పైనుంచి పీల్చి ఎత్తేస్తుంది. ఆ లాగుడు అన్నిటికన్నా ఎక్కువుండేది మూలల్లోనే. ఒక్క రేకు మూల లేస్తే దాని వెనకే మిగతావన్నీ లేస్తాయి. బోల్టు చేత్తో తిప్పితే తిరుగుతోందా, వాషరు కింద తుప్పు తిని రంధ్రం పెద్దదైందా చూడండి. బోల్టు గట్టిగా ఉండి రేకు రంధ్రం పెద్దదైతే ఆ బోల్టు ఉన్నా లేనట్టే. పెద్ద వాషరు వేసి బిగించాలి. దూలాలు గోడకు ఆని ఉన్నాయా, లేక గోడకు కట్టి ఉన్నాయా అన్నది కూడా చూడాల్సిందే. బరువు కోసం రేకుల మీద రాళ్ళు, ఇటుకలు పెడతారు. తుఫాను గాలికి అవి ఆగవు, ఎగిరొచ్చి మనుషుల మీద పడతాయి. ఇవన్నీ వానాకాలం ముందే చేయించాలి. హెచ్చరిక వచ్చాక కప్పు ఎక్కకండి.

కిటికీ అద్దాలకు అడ్డంగా నిలువుగా టేపు అంటిస్తే పగలవని ఒక నమ్మకం ఉంది. పగులుతాయి, పైగా పెద్ద పెద్ద ముక్కలుగా వచ్చి పడతాయి. బయటనుంచి ప్లైవుడ్ పలక బిగించడమే నిజమైన రక్షణ. అది కుదరకపోతే అద్దాలు లేని లోపలి గదిలో గడపండి. "ఒత్తిడి సరిపోవాలి, ఒక కిటికీ తెరిచి ఉంచాలి" అనేది కూడా తప్పే. లోపలికొచ్చిన గాలి కప్పును కిందనుంచి తోస్తుంది.

డాబా మీద, వాకిట్లో ఉన్న కుండీలు, కుర్చీలు, నిచ్చెన, ఖాళీ డ్రమ్ములు అన్నీ లోపలికి. ఎండుకొమ్మలు ముందే కొట్టించాలి. గ్యాస్ సిలిండర్ వరద నీటిలో తేలుతుందని చాలామందికి తెలియదు. రెగ్యులేటర్ ఆపి, విప్పి, సిలిండర్‌ను నిలువుగా ఏదైనా గట్టి ఊచకు కట్టేయండి. నీళ్ళు లోపలికి వచ్చే సూచన ఉంటే మెయిన్ స్విచ్ ముందే ఆపాలి. తడి నేల మీద నిలబడి మాత్రం దాన్ని ముట్టుకోవద్దు.

వీధి జాబితా

నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్మేది దీన్ని. సహాయక బృందాలు వస్తాయి, కానీ మొదటి కొన్ని గంటలు మనకు దొరికేది పక్కింటివాళ్ళే. భోలా తుఫాను తర్వాత 1972లో బంగ్లాదేశ్‌లో తుఫాను సన్నాహక కార్యక్రమం మొదలైంది. దాని బలమంతా ఊరివాళ్ళే అయిన వాలంటీర్లు. మెగాఫోను పట్టుకుని, జెండా ఎగరేసి, గడప గడపకూ వెళ్ళి చెప్పేవాళ్ళు. ఒడిశాలో 1999 సూపర్ సైక్లోన్‌కు దాదాపు పదివేల మంది పోయారు. 2013లో ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు, మరణాలు పదుల్లో ఆగాయి. మధ్యలో షెల్టర్లు కట్టారు, హెచ్చరికలు మెరుగుపడ్డాయి, ఎవరు ఎవరి తలుపు తట్టాలో తేల్చుకున్నారు.

మా వీధిలో మేం చేసిన పని చెప్తాను. ఒక ఆదివారం పొద్దున నేనూ, ఎదురింటి పెద్దబ్బాయీ నోటు పుస్తకం పట్టుకుని నలభై రెండు ఇళ్ళు తిరిగాం. ఇంటికి నాలుగే ప్రశ్నలు. ఎంతమంది ఉంటారు? సొంతంగా మెట్లెక్కలేనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? రోజూ తప్పనిసరైన మందు, యంత్రం ఏమైనా ఉందా? మీరు ఇతరులకు ఏం చేయగలరు? ఈ చివరి ప్రశ్న అడక్కపోతే సగం పని పోయినట్టే. దానికి వచ్చిన జవాబులతోనే మాకొక నర్సు, ఇద్దరు ఎలక్ట్రీషియన్లు, ఒక వ్యాను, రెండు ఈత వచ్చిన చేతులు, పైఅంతస్తు హాలు ఇస్తామన్న మూడు ఇళ్ళు దొరికాయి. ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ "నేనేం చేయగలనే తల్లీ?" అంది. ఆవిడకు అందరి ఫోన్ నంబర్లూ నోటికి వచ్చు. ఇప్పుడు మా జాబితాకు ఆవిడే కాపలా.

జబ్బుల వివరాలు గ్రూపులో పెట్టకండి. ఆ కాగితం ఇద్దరి దగ్గరే ఉండాలి. ఇంట్లో జబ్బు సంగతి పదిమందికీ తెలుస్తుందన్న భయం ఉంటే ఎవరూ నిజం చెప్పరు.

మెట్లెక్కలేనివాళ్ళు మా వీధిలో తొమ్మిది మంది తేలారు. ఒక్కొక్కరికి ఇద్దరేసి మనుషుల పేర్లు రాశాం, ఆ ఇద్దరూ ఊళ్ళో లేకపోతే ఇంకో ఇద్దరు. పేరు లేని బాధ్యత ఎవరిదీ కాదు. తర్వాత కుర్చీతో మోయడం అందరం ఒకసారి చేసి చూశాం. చేసి చూస్తేనే కొన్ని తెలిశాయి. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలే మేలు, కానీ ఎండకు పెళుసెక్కిన పాత కుర్చీ కాలు విరిగే ప్రమాదముంది. నడుం దగ్గరే కాక ఛాతీ మీదుగా కూడా ఒక కట్టు వేయాలి. కూర్చున్నవాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకోవాలి, భయంతో రెయిలింగు పట్టుకుంటే మోసేవాళ్ళు తూలిపోతారు. ఎక్కేటప్పుడైనా దిగేటప్పుడైనా కూర్చున్నవాళ్ళ ముఖం మెట్ల కిందివైపుకే ఉండాలి. మోసేవాళ్ళిద్దరిలో ఒక్కరే "ఎత్తు", "ఆపు" అని చెప్పాలి. మా అమ్మే కూర్చుని చూపించింది.

కుక్కల్ని, పిల్లుల్ని, పశువుల్ని కూడా జాబితాలో రాయండి. అమెరికాలో 2005లో కత్రీనా తుఫాను వచ్చినప్పుడు పెంపుడు జంతువుల్ని వదిలి రాలేక ఇళ్ళలోనే ఉండిపోయినవాళ్ళు చాలామంది. అక్కడి లూసియానా రాష్ట్రంలో చనిపోయినవాళ్ళలో దాదాపు సగం మంది డెబ్బై ఐదేళ్ళు దాటినవాళ్ళని కూడా గుర్తుంచుకోండి. పశువుల్ని మెరకకు ముందే తోలాలి. అది కుదరకపోతే పలుపు విప్పేయండి. కట్టేసి ఉన్న పశువు ఈదలేదు.

కాలువల్లో చెత్త తీయడం వీధి మొత్తం కలిసి చేయాల్సిన పని. ఒక్క ప్లాస్టిక్ సంచి జాలీకి అడ్డం పడితే నాలుగిళ్ళలోకి నీళ్ళొస్తాయి.

ఫోన్ల గురించి

అందరూ ఒకేసారి ఫోన్ చేస్తే ఎవరికీ కలవదు. ఒక్క ఎస్సెమ్మెస్ మాత్రం దారి దొరికినప్పుడు వెళ్ళిపోతుంది. టవర్లకున్న బ్యాటరీలు కొన్ని గంటలకు అయిపోతాయి. అందుకని వేరే ఊళ్ళో ఉన్న ఒక్కరిని అందరికీ ఉమ్మడి మనిషిగా పెట్టుకోండి. మాకు తమ్ముడు. ఇంట్లోవాళ్ళు ఎక్కడున్నా వాడికే మెసేజ్ పెడతారు, వాడి దగ్గర అందరి కబురూ ఉంటుంది. ఆ నంబరు పిల్లలకు కూడా కంఠతా రావాలి. ఆ రాత్రి నా ఫోన్ ఆగిపోయాక నాకు ఒక్క నంబరూ గుర్తురాలేదు. అందుకే ఇప్పుడు పిల్లల జేబుల్లో, అమ్మ సంచిలో పేరు, నంబర్లు రాసిన కార్డు ఉంటుంది.

గాలి వీస్తున్నప్పుడు

ఈ భాగం చిన్నది, ఎందుకంటే చేయాల్సింది తక్కువ. లోపలే ఉండండి. హోరున వీస్తున్న గాలి ఒక్కసారి ఆగిపోయి ఆకాశం తేటపడితే బయటికి రాకండి. తుఫాను కన్ను మీ మీదుగా వెళ్తోందన్నమాట. కాసేపట్లో గాలి ఎదురుదిక్కు నుంచి అంతే జోరుగా కొడుతుంది. ఆ ప్రశాంతతను నమ్మి ఇల్లు చూసుకోవడానికి వచ్చి పోయినవాళ్ళున్నారు.

పారే నీళ్ళలో దిగకండి. చీలమండ దాటిన నీళ్ళు, అంటే పదిహేను సెంటీమీటర్లు, జోరుగా పారుతుంటే పెద్దవాళ్ళను సైతం పడేస్తాయి. ముప్పై సెంటీమీటర్లకు చిన్న కారు తేలుతుంది. అరవై సెంటీమీటర్లు చాలా వాహనాల్ని కొట్టుకుపోతాయి. నీటి కింద రోడ్డు ఉందో తెగిపోయిందో పైకి కనపడదు. ముందు బండి దాటింది కదా అని మీరూ దాటకండి.

మెరుపుకూ ఉరుముకూ మధ్య అంకెలు లెక్కపెట్టండి. మూడు సెకన్లు అంటే దాదాపు కిలోమీటరు. ముప్పైలోపు ఉరుము వినిపిస్తే గట్టి కట్టడంలోకో, పైకప్పున్న కారులోకో వెళ్ళిపోవాలి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. చెట్టు కింద నిలబడటం ఆరుబయట ఉండటం కన్నా ప్రమాదం. ఇంట్లో ఉన్నా ఉరుముతున్నంతసేపు స్నానం, చార్జింగులో ఉన్న ఫోన్ రెండూ వద్దు.

తెరిపి ఇచ్చాక

తుఫానుకు బతికి, తర్వాతి వారంలో పోయేవాళ్ళ గురించి తలుచుకుంటే నాకు చాలా బాధేస్తుంది, ఎందుకంటే ఇవి ఆపగలిగినవి. తెగిపడ్డ తీగలో కరెంటు లేదని ఎవరు చెప్పినా నమ్మకండి, విద్యుత్ సిబ్బంది వచ్చి చెప్పాలి. పది మీటర్ల దూరం ఉండండి, నీటి గుంటలో పడి ఉంటే ఇంకా దూరం. ఇల్లు తడిస్తే స్విచ్‌లు, సామాన్లు ఎండి, ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ వేయకండి.

జనరేటర్ ఇంట్లో, వరండాలో, కిటికీ పక్కన పెట్టకండి. బయట కనీసం ఆరు మీటర్ల దూరంలో, పొగ ఇంటివైపు రాకుండా ఉండాలి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, రంగుండదు. తలనొప్పిగా, నిద్రగా అనిపిస్తే పడుకోకుండా బయటికి రావాలి. బొగ్గుల కుంపటి గదిలో పెట్టినా ఇదే ప్రమాదం.

ఫ్రిజ్ తలుపు తీయకపోతే లోపలి తిండి నాలుగు గంటలు నిలుస్తుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజులు, సగం ఉన్నది ఒక రోజు. వరద నీళ్ళు తగిలిన తిండి, మందులు పారేయండి, సీలు ఉన్నా సరే అనుమానముంటే వదిలేయండి. మునిగిన బావి నీళ్ళు శుభ్రం చేయించి పరీక్షించేదాకా తాగకండి. తాగే నీళ్ళు బుడగలు వచ్చి మరిగాక ఒక నిమిషం మరగనివ్వండి. క్లోరిన్ బిళ్ళలైతే పొట్లం మీద రాసిన కొలత తప్పకండి, నీళ్ళు మురికిగా ఉంటే ముందు బట్టతో వడకట్టండి.

విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ పొట్లం వాడండి. అది అందకపోతే లీటరు శుభ్రమైన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలకొట్టిన టీ చెంచాలతో కొలిచి కలపండి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు హాని. బురద ఎత్తేటప్పుడు బూట్లు, చేతి తొడుగులు వేసుకోండి. కాళ్ళ మీద పగుళ్ళు, గాయాలుంటే ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు అంటుకుంటుంది. తర్వాతి వారాల్లో జ్వరం, ఒళ్ళునొప్పులు వస్తే వరద నీళ్ళలో తిరిగానని డాక్టరుకు తప్పకుండా చెప్పండి. చెప్పులు తొడిగే ముందు దులపండి, సామాన్ల గుట్ట కదిపే ముందు కర్రతో తట్టండి, పాములు పొడి చోటు వెతుక్కుంటూ వస్తాయి.

పిల్లలు రాత్రి నిద్రలో ఉలిక్కిపడితే దాన్ని తీసిపారేయకండి. జరిగింది చెప్పించుకోండి, చీపురో బకెట్టో ఇచ్చి పనిలో చేర్చుకోండి. మా పాప కొన్నాళ్ళు వానచినుకు పడితే అమ్మమ్మ గదిలోకి వెళ్ళి కూర్చునేది. కాగితం మీద తనకూ టార్చి తెచ్చే పని రాసిచ్చాక కుదుటపడింది.

ఏడాదికి రెండుసార్లు మేం ఆ కాగితం కిందికి దించుతాం, వానలకు నెల ముందు ఒకసారి, చలి మొదలయ్యాక ఒకసారి. నిల్వ నీళ్ళు మార్చి, టార్చి బ్యాటరీలు చూసి, మందుల తేదీలు సరిచూస్తాం. అమ్మ బరువు పెరిగిందో తగ్గిందో చూసుకుని మోసే ఇద్దరి పేర్లు కొనసాగించాలా వద్దా అనుకుంటాం. ఈ మధ్య ఎదురింటి పెద్దబ్బాయికి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. వాడి పేరు చెరిపేసి, ఆ చోట మూలింట్లోకి కొత్తగా వచ్చిన అబ్బాయి పేరు రాశాను. పోయిన ఆదివారం వాడు వచ్చి, అమ్మను కూర్చోబెట్టిన కుర్చీని పద్నాలుగు మెట్లూ ఎక్కించాడు, ఒక్కసారే ఆగాడు.